తడిచేతి బిళ్ల

ఫిబ్రవరి 6

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదని అలిగావట. ఎత్తానే! ఎత్తి, "ఎవరూ? ఎవరూ?" అని అరిచి పెట్టేసిన మనిషిని నేనే. జన్మంతా లేత్ మిషన్ల మధ్య బతికిన చెవులమ్మా ఇవి. ఫోన్లో ఎవరు మాట్లాడినా నాకు కుక్కర్ కూసినట్టే ఉంటుంది. కాబట్టి ఉత్తరమే రాయి. ఉత్తరంలో ఎంత గట్టిగా అరుచుకున్నా పక్కింటివాళ్లు తలుపు కొట్టరు.

అయితే మా ఓడ మీద పుస్తకం రాయమన్నారా నిన్ను? మ్యూజియం వాళ్లే అడిగారా? నువ్వు నన్ను ఆటపట్టించడం లేదు కదా? ఎందుకడుగుతున్నానంటే, సబ్‌మెరైన్లలో పనిచేసినవాళ్ల మీద బోలెడు పుస్తకాలొచ్చాయి. వాళ్లకి తిండి పెట్టి, బట్టలుతికి, విరిగింది అతికించి మళ్లీ నీళ్లలోకి తోలినవాళ్లం మేము. మా మొహం ఎవడూ చూడలేదు.

కాగితాల్లో మాది డిపో షిప్పు. మా నోట్లో మాత్రం తల్లి ఓడ. మా సీనియర్లు చెప్పేవాళ్లు, తొలిరోజుల్లో వీటిని ఎవరూ కొత్తగా కట్టించలేదట. ముసలి సరుకుల ఓడని పట్టుకొచ్చి, లోపల నాలుగు మిషన్లు పెట్టి, పొమ్మనేవాళ్లు. ఎందుకంటే ఆ కాలపు సబ్‌మెరైన్లో మనిషి పడుకోడానికి చోటుండదు, స్నానానికి నీళ్లుండవు. లోపల అంతా డీజిల్ కంపు. రేవు చేరగానే వాళ్లు మా ఓడ పక్కన తాడు కట్టుకుని, నిచ్చెనెక్కి పైకొచ్చేవాళ్లు. స్నానం చెయ్యందే భోజనాల గదిలోకి రానిచ్చేవాళ్లం కాదు. మీ నాన్ననీ రానిచ్చేవాణ్ణి కాను. "అన్నయ్యా, ఆకలి" అనేవాడు గడప దగ్గర నిలబడి. "ముందు ఒళ్లు తోముకో, వెధవా" అనేవాణ్ణి. వాడు పోయి ఏడాది కావొస్తోంది. ఇప్పటికీ ఎక్కడ డీజిల్ వాసన తగిలినా వాడొచ్చాడేమో అని తలెత్తి చూస్తాను.

నీకు ఏం కావాలన్నా చెప్తాను. రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర్నుంచి పళ్లు పీకే డాక్టరు దాకా ఆ ఓడలో లేనిది లేదు. కానీ బదులుగా నాకొకటి కావాలి. మా బాతు పేరు ఆ మ్యూజియం గోడ మీద ఎక్కాలి. బాతు ఎవరో మీ అమ్మకి తెలుసు, అడుగు. ఇంకేం అడగను నిన్ను.

మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మందులు వేసుకుంటోందా, లేక బల్లమీద పెట్టుకుని చూస్తోందా?

మీ చెవిటి పెదనాన్న

—

ఫిబ్రవరి 17

పెదనాన్నా,

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "వెధవా" దగ్గర నవ్వింది, ఆ తర్వాత కాసేపు కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. మందులు వేసుకుంటోంది, నేను దగ్గరుండి వేయిస్తున్నాను. మీరు మీవి వేసుకోండి ముందు.

బాతుగారు ఎవరో అమ్మ చెప్పింది. మీ ఓడలో డైవరనీ, మీకు ప్రాణస్నేహితుడనీ, నాన్న సబ్‌మెరైన్ కిందే పోయాడనీ చెప్పింది. వాళ్లావిడ మీకు రెండు వీధుల అవతలే ఉంటారట కదా. నాన్న ఇంట్లో ఆ పేరెత్తేవాడు కాదు. దుఃఖం అనుకునేదాన్ని.

గోడ సంగతి డైరెక్టరుగారిని అడిగాను. డ్యూటీలో పోయినవాళ్ల పేర్లే చెక్కుతారట. సొంత నిర్లక్ష్యం వల్ల పోయారని విచారణ తేల్చినవాళ్లని పెట్టరట. బాతుగారి ఫైల్లో అదే ఉంది: బిళ్ల తగిలించకుండా దిగాడు అని. బిళ్ల అంటే ఏంటి? కానీ డైరెక్టరుగారు ఒక మాట అన్నారు. పుస్తకంలో నువ్వు గట్టి సాక్ష్యం చూపిస్తే పేరు పెట్టిస్తాను, రాయి చెక్కేది ఏప్రిల్ ఆఖర్లో, అన్నారు. కాబట్టి ఆ రోజు జరిగింది మొత్తం రాయండి. మీకు మాటిస్తున్నాను పెదనాన్నా, ఆ పేరు గోడెక్కించే పూచీ నాది.

చిట్టి

—

ఫిబ్రవరి 25

నా తల్లే! మా తమ్ముడి కూతురివి అనిపించావు. ఆ ఒక్క ముక్కకే నిన్ను నెత్తిన పెట్టుకుని ఊరంతా తిప్పొచ్చు. మెడ నొప్పి, అంతే.

బిళ్ల గురించి శ్రద్ధగా విను. సబ్‌మెరైన్ కింద డైవర్ పనిచేస్తున్నప్పుడు పైన ఎవడో మోటారు వేశాడనుకో, ప్రొపెల్లర్ తిరుగుతుంది. మనిషి మిగలడు. అందుకని మా ఓడలో ప్రతి డైవర్‌కీ ఓ ఇత్తడి బిళ్ల ఉండేది. నేనే లేత్ మీద చేశాను అన్నీ. బాతు బిళ్ల మీద బాతు బొమ్మ గీశాను. రెక్కల చెప్పులు తొడుక్కుని డెక్ మీద నడుస్తుంటే అచ్చం అలాగే ఉండేవాడు మరి.

దిగేముందు డైవర్ తనే సబ్‌మెరైన్లోకి నడిచెళ్లి, మోటారు స్విచ్ హ్యాండిల్‌కి ఆ బిళ్ల తగిలించి రావాలి. పని ముగించి పైకొచ్చాక తనే వెళ్లి, తడిచేత్తో తియ్యాలి. పొడిచెయ్యి దాన్ని ముట్టుకోకూడదు. కెప్టెన్ అయినా సరే. రాతపూర్వకంగా ఎక్కడా ఉండేది కాదు, కానీ అది మాకు ప్రాణం. కొత్తగా చేరినవాడికి మంచం చూపించకముందే ఇది చెప్పేవాళ్లం.

ఆ రోజు ప్రొపెల్లర్‌కి పాత తాడేదో చుట్టుకుంది. మధ్యాహ్నం బాతు బిళ్ల మెళ్లో వేసుకుని సబ్‌మెరైన్లోకి వెళ్లడం నేను చూశాను. తిరిగొచ్చేటప్పుడు మెడ బోసిగా ఉండడమూ చూశాను. దిగాడు. సగం తాడు కోశాక కత్తి మొద్దుబారిందని పైకొచ్చాడు. నేను వేరే కత్తికి సాన పట్టి ఇచ్చేలోపు మా డెక్ మీద కూర్చుని టీ తాగాడు. "మీ తమ్ముడు మోటారు గది పైమూతలోంచి తల బయటపెట్టి చెయ్యూపుతున్నాడు, ఒక కప్పు వాడికీ పంపు" అన్నాడు. తర్వాత మళ్లీ దిగాడు. కాసేపటికి మోటారు మోగింది.

ఇంకేం రాయను. నీళ్లు రంగు మారాయి.

విచారణలో నేను చూసింది చెప్పాను. "నువ్వు వాడి స్నేహితుడివి, అలాగే చెప్తావు" అన్నారు. మోటారు గది ఎలక్ట్రీషియన్ మీ నాన్నే కదా, వాణ్ణడిగారు. హ్యాండిల్‌కి బిళ్ల లేదు అన్నాడు వాడు. నా సొంత తమ్ముడే అలా అనేసరికి నా మాట గాల్లో కలిసిపోయింది. నేను వాణ్ణి తప్పుపట్టలేదు. వాడు చూసేసరికి లేదేమో, అంతకుముందే ఎవడో ఆఫీసరు తొందరపడి తీసి పారేశాడేమో, అనుకున్నాను. ఇప్పటికీ అదే నా నమ్మకం. బాతు భార్య నా చొక్కా పట్టుకుని అడిగింది, "నీ తమ్ముడు నిజమే చెప్తున్నాడా?" అని. "మా వాడు అబద్ధమాడడు వదినా" అన్నాను. నిర్లక్ష్యం అని రాశారు కాబట్టి ఆవిడకి పరిహారం, పింఛను ఏమీ రాలేదు. క్వార్టర్స్ ఖాళీ చేయించారు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లుతికి బతికింది.

ఆ ఆఫీసరెవడో పట్టుకో చిట్టీ. ఆ సబ్‌మెరైన్‌లో వంటాయన ఒకడుండేవాడు, పొట్టివాడు, గొంతు మాత్రం పెద్దది. బతికే ఉన్నాడంటారు. వంటగది మోటారు గదికి దారిలోనే. వాడి కన్ను కప్పి ఎవడూ అటు పోలేడు.

పెదనాన్న

—

మార్చి 5

పెదనాన్నా! దొరికారు మీ వంటాయన!

మాజీ నావికుల వృద్ధాశ్రమంలో ఉన్నారట. మ్యూజియంలో పాత చిరునామాలన్నీ తిరగేసి, ఇద్దర్ని విసిగించి, ఒకాయనతో చీవాట్లు తిని పట్టుకున్నాను. ఫోన్లో మాట్లాడాను. గొంతు నిజంగానే పెద్దది, ఫోన్ దూరంగా పెట్టుకోవాల్సొచ్చింది. "బాతు బిళ్ల సంగతా? నాకు తెలియకపోవడమేంటి, రా అమ్మా, మొహం చూసి చెప్తాను" అన్నారు. ఈ శనివారం వెళ్తున్నాను.

మీరు ఆ వదినగారికి చెప్పండి, లేదంటే వద్దు, వచ్చాక చెప్దాం. వద్దులెండి, చెప్పేయండి!

చిట్టి

—

మార్చి 16

పెదనాన్నకి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. పని ఎక్కువగా ఉంది.

వంటాయన్ని కలిశాను. పెద్దాయన, జ్ఞాపకం సరిగ్గా లేదు. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్తున్నారు. పుస్తకంలో పెట్టడానికి పనికొచ్చేది ఏమీ దొరకలేదు.

ఈలోగా ఓడలో రొట్టెల పొయ్యి గురించి రాస్తారా? పొద్దున ఎన్నింటికి మొదలుపెట్టేవారు, సబ్‌మెరైన్ వాళ్లకి వేరే ఇచ్చేవారా? టార్పెడోల వర్క్‌షాప్ గురించి కూడా. తల్లి ఓడల కాలం ఎందుకు ముగిసిందో ఒక చాప్టరు రాస్తున్నాను. పెద్ద సబ్‌మెరైన్లు రావడం, ఒడ్డునే మరమ్మతు కేంద్రాలు కట్టడం వల్ల అని రాశాను, సరేనా?

అమ్మ బాగుంది.

చిట్టి

—

మార్చి 21

చిట్టీ,

రొట్టెల పొయ్యా! మనిషి చావు గురించి అడిగితే రొట్టెల పొయ్యి ఎన్నింటికి వెలిగించారంటావేమిటే? తెల్లారుజామున వెలిగించేవాళ్లు. అందరికీ అవే రొట్టెలు. చాలా?

ఆ వంటాయనకి మతిమరుపా? మొన్న ఫోన్లో తెలియకపోవడమేంటి అన్నవాడికి, శనివారానికల్లా మతి పోయిందా? నా చెవిలో పువ్వులు పెట్టకు తల్లీ, అవి చెవుడుతోనే నిండిపోయాయి. నీ రాతలో నువ్వు లేవు. "పెదనాన్నకి" అని రాశావు, కరెంటాఫీసుకి అర్జీ రాసినట్టు.

నాకర్థమైందిలే. ఆ డైరెక్టరు నీ నోరు నొక్కుతున్నాడు. తీసింది ఎవడో పెద్ద ఆఫీసరయ్యుంటాడు, వాడి కొడుకో అల్లుడో ఇవాళ పెద్ద కుర్చీలో ఉండుంటాడు. నువ్వు ఉద్యోగానికి భయపడి నీళ్లు నములుతున్నావు. నిన్నేమీ అనను. చిన్నదానివి. కానీ నాకేం భయం? పింఛను తీసుకునే ముసలాణ్ణి, నన్నెవడేం పీకుతాడు? ఆ డైరెక్టరుకి నేనే ఉత్తరం రాసి పడేశాను. కడుపులో ఉన్నదంతా కక్కాను. సిగ్గుందా అని కూడా రాశాను.

వదినకి చెప్పేశాను, సాక్షి దొరికాడని. చెప్పేయండి అన్నది నువ్వే కదా. ఆవిడ ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు నుంచి నడుస్తోంది. లోపలికి రాదు, అడగదు, నడుస్తుందంతే. నేను మొహం చాటేసుకుంటున్నాను.

పెదనాన్న

—

మార్చి 27

పెదనాన్నా, మీరు చేసింది ఏమన్నా బాగుందా?

డైరెక్టరుగారు మీ ఉత్తరం నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. బాతుగారి పేరు కోసం గోడ మీద చోటు వదిలి ఉంచమని మేస్త్రీకి చెప్పింది ఆయనే. ఏ ఆఫీసరూ లేడు, ఏ అల్లుడూ లేడు. నా నోరు ఎవరూ నొక్కలేదు. మీకు కోపమొస్తే ముందు రాళ్లు విసిరేసి తర్వాత ఎవరికి తగిలిందో చూస్తారు, నాన్న ఎప్పుడూ అదే అనేవాడు.

దొరకని సాక్ష్యాన్ని నేను పుట్టించలేను. కొన్ని అలాగే ఉండిపోతాయి. దయచేసి ఈ విషయం ఇక్కడితో వదిలేయండి. నా మాట వినండి, మీ మేలు కోరి చెప్తున్నాను. ప్రారంభోత్సవానికి అమ్మని ముఖ్య అతిథిగా పిలిచారు, సబ్‌మెరైన్ల హాల్లో నాన్న ఫొటో పెడుతున్నారు. మీరూ రావాలి. కారు పంపిస్తాను.

చిట్టి

—

ఏప్రిల్ 2

చిట్టీ,

మీ డైరెక్టరు మర్యాదస్థుడు. నేను తిట్టిన తిట్లకి జవాబుగా నీ పుస్తకం టైపు ప్రతి పంపించాడు. "మీ అమ్మాయి రాసిందాంట్లో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ, మీరే చదవండి" అని చిన్న చీటీ పెట్టాడు. ఆయనకి క్షమాపణ రాసుకున్నాను.

చదివాను. నువ్వు బాగా రాస్తావు. ఆ స్నానాల గది, ఆ నిచ్చెన, ఫౌండ్రీలో కరిగిన ఇత్తడి, సముద్రంలోంచి వచ్చినవాళ్లకి మొదటిసారి దొరికే వేడినీళ్లు, అన్నీ నేను చూసినట్టే ఉన్నాయి. చదువుతూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. ఆ తర్వాత ఈ వాక్యం వచ్చింది: "డైవర్లలో ఒకరు వ్యక్తిగత పరధ్యానం వల్ల బిళ్ల తగిలించకుండా నీటిలోకి దిగి మరణించడం ఈ ఓడ చరిత్రలో ఒక విషాదం."

ఒకరు! పేరు కూడా లేదు. సాక్ష్యం దొరకలేదంటే సరే, "తెలియదు" అని రాయొచ్చుగా? నేను కళ్లారా చూశానని రాశాను, అదీ లేదు. పైగా ఆ పేజీ కిందే, "ఈ వివరాలు అందించిన మా పెదనాన్నగారికి కృతజ్ఞతలు" అట. అంటే బాతు బిళ్ల తగిలించలేదని నేనే చెప్పినట్టు! రేపు వదిన ఈ పుస్తకం తెరిస్తే నేను ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలో నడవాలి?

నువ్వు చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని పెరిగావు. నాకు చెప్పలేనిదేముంది? జవాబు రాయకు. నువ్వు రాసేది నమ్మే ఓపిక ఇప్పుడు నాకు లేదు. వంటాయన దగ్గరికి నేనే వెళ్తున్నాను.

—

ఏప్రిల్ 9

రచయిత్రి గారికి,

వెళ్లొచ్చాను. రెండు రైళ్లు మారాను. నా చెవుడు, అతని గొంతు, ఇద్దరికీ సరిపోయింది. ఆశ్రమంలో అందరూ విన్నారు.

అతనికి మతిమరుపేమీ లేదు. ఆ ఏడాది ఏ సరుకు తక్కువొచ్చిందో కూడా చెప్పాడు. "మళ్లీ ఎందుకొచ్చావయ్యా, మీ పిల్లకి అంతా చెప్పాను కదా" అన్నాడు. నేను వెర్రిమొహం వేశాను. అప్పుడు అతను నా మొహం చూసి, "అయ్యో, నీకు చెప్పలేదా" అని చెయ్యి పట్టుకున్నాడు.

బాతు టీ తాగడానికి పైకొచ్చి కూర్చున్నప్పుడు మా తమ్ముడు మోటారు గది పైమూతలోంచి చూశాడట. పనైపోయిందనుకున్నాడట. తడి ఒంటితో మళ్లీ ఇంత దూరం నడిచొచ్చి బిళ్ల తీసుకోవడం ఎందుకు పాపం, అన్నయ్య స్నేహితుడు, మనవాడే కదా, నేనే తీసిపెడదాం అని తీశాడట. పొడిచేత్తో. చెయ్యూపింది అందుకేనట, "నేను తీశాలే" అని. బాతు అది పలకరింపు అనుకున్నాడు. ఆఫీసరు మోటారు తిప్పొచ్చా అంటే తిప్పొచ్చు అన్నాడు. తర్వాత వంటగదిలో కూలబడి, బిళ్ల పిడికిట్లో పట్టుకుని, "మంచికే చేశాను, మంచికే చేశాను" అని ఏడ్చాడట. ఏడ్చి, మొహం కడుక్కుని, దాన్ని సముద్రంలోకి విసిరేసి, విచారణ గదిలోకి వెళ్లి, బిళ్ల లేనే లేదు అని చెప్పాడట. భార్య కడుపుతో ఉంది, నా నోటితో వాణ్ణి జైలుకెలా పంపను అని తను నోరు కట్టేసుకున్నానన్నాడు వంటాయన. మా తమ్ముడు పోయాక ఎవరన్నా అడిగితే చెప్దామని కూర్చున్నాడట. మొదట అడిగింది నువ్వు.

చేసిన పొరపాటుకి నేను వాణ్ణి తిట్టను. బాతు మీద ప్రేమతో చేశాడు. ఆ ప్రేమ విచారణ గదిలో ఏమైంది? వాడు నా పక్కనే నిలబడి, నన్ను అబద్ధాలకోరుని చేసి, సాయంత్రం మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. ఆ తర్వాత జీవితమంతా తిన్నాడు. బాతు భార్య వీధిలో ఎదురైతే వాడు పక్క సందులోకి తిరిగేవాడు. పాపం, తట్టుకోలేడు, మనసు మెత్తన అని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఎంత వెధవని చేశాడు నన్ను!

వాడు పోయాడు, వాణ్ణి అడగలేను. నువ్వున్నావు. మార్చి నుంచి నీకు తెలుసు. తెలిసి, పరధ్యానం అని రాశావు.

మీ నాన్న అన్న

—

ఏప్రిల్ 15

పెదనాన్నా,

గారు అన్నారు నన్ను. నన్ను నాలుగు కొట్టినా బాగుండేది.

అవును, తెలుసు. ఆ శనివారం ఆశ్రమం బయట బస్సు కోసం నిలబడి, వచ్చిన బస్సులన్నీ వదిలేశాను. మీకు రాద్దామనే మొదలుపెట్టాను. రాయలేకపోయాను. మీకు ఉన్నది ఒక్క తమ్ముడు, ఆయన్ని మీ దగ్గర్నుంచి ఎలా లాక్కోను అనుకున్నాను.

అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను పెదనాన్నా. నాన్న నిజం చెప్పుంటే జైల్లో ఉండేవాడు, అమ్మ దుప్పట్లు ఉతికేది. ఆయన మాకోసమే ఆ అబద్ధం ఆడాడు. అది తిని పెరిగినదాన్ని నేను, దాన్నెలా అచ్చు వెయ్యను? అమ్మకి ఏమీ తెలియదు. ముందు వరసలో కూర్చుని నాన్న ఫొటో చూసుకోవాలని కొత్త కళ్లజోడు చేయించుకుంది. ఆవిడ ముందు ఏమని చదవమంటారు?

బాతుగారు ఎప్పుడో పోయారు. వాళ్లావిడ అలవాటు పడిపోయుంటారు. పెద్ద వయసులో ఈ గాయం మళ్లీ రేపి ఆవిడకి మాత్రం ఏం మేలు చేస్తాం? ఆ వాక్యం విచారణ ఫైల్లో ఉన్నదే, నేను కల్పించింది కాదు. మీ పేరు కావాలంటే తీసేయిస్తాను. ఇరవై ఎనిమిదిన పుస్తకం ప్రెస్సుకి వెళ్తుంది, అదే రోజు రాయి చెక్కుతారు. మన ఇంటి మాట మన ఇంట్లో ఉండనివ్వండి. కాళ్లు పట్టుకుంటాను.

మీ చిట్టి

—

ఏప్రిల్ 22

చిట్టీ,

వదిన ఇంటికి వెళ్లాను. నిన్ను అడగలేదు, అడిగితే వద్దంటావు.

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నేను కుర్చీలో కూర్చున్నది తక్కువ. గుమ్మంలోనే పలకరించి వచ్చేసేవాణ్ణి. నిన్న కూర్చున్నాను. "వదినా, నీతో ఒకప్పుడు మా తమ్ముడు అబద్ధమాడడు అన్నాను, ఆడాడు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆ టీ, ఆ చెయ్యూపడం, ఆ బిళ్ల విసిరేయడం. చొక్కా పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకుంటే బాగుండు అనుకున్నాను.

ఆవిడ కోపగించుకోలేదు. "అయితే తగిలించాడా?" అంది.

"తగిలించాడు వదినా."

"మర్చిపోలేదూ?"

"మర్చిపోలేదు."

మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. ఎన్నిసార్లు అడిగిందో. నాలాగే ఈవిడకీ చెవుడొచ్చిందా అనుకున్నాను. అప్పుడు చెప్పింది చిట్టీ.

ఆ రోజు పొద్దున వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారట. ఏదో పనికిమాలిన విషయం. ఎందుకో కూడా ఆవిడకిప్పుడు గుర్తులేదు. "ఇంటికి రాకపో" అందట. అతను తినకుండా వెళ్లిపోయాడట. సాయంత్రం విచారణ వాళ్లొచ్చి, పరధ్యానంలో బిళ్ల మర్చిపోయాడమ్మా అని చెప్పారట. ఆ పరధ్యానం తనవల్లే వచ్చిందనుకుంది. తన నోటి దురుసు మనసులో పెట్టుకుని, అదే ఆలోచిస్తూ బిళ్ల మర్చిపోయి దిగాడనుకుంది. తనే చంపుకున్నాననుకుంది. ఒక్కరికీ చెప్పలేదు. లాండ్రీలో పని ఎంత కష్టమైనా నోరెత్తలేదట, నాకిది తగిన శాస్తే అని. ఫైల్ తిరగతోడమని ఎవరు చెప్పినా వద్దనేది. నాకిన్నాళ్లూ అది ఎందుకో అర్థం కాలేదు.

నువ్వేమో అలవాటు పడిపోయుంటారు అని రాశావు.

నిన్న ఆవిడ ఏడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "కోపం తగ్గిపోయే దిగాడన్నమాట, టీ తాగుతూ నవ్వాడా?" అని అడిగింది. నవ్వాడని చెప్పాను. నిజంగానే నవ్వాడు.

మా తమ్ముడు మీ కోసం ఆడాడు సరే. ఆడినవాడు ఒక్కసారి, ఒక్క సాయంత్రం, ఆ గుమ్మంలో నిలబడి, "మీ ఆయన తప్పేం లేదమ్మా" అని ఆ ఒక్క ముక్క అనలేకపోయాడా? జైలు రాకుండానే అనొచ్చు. అది కూడా చెయ్యలేదు. వాణ్ణి నేనెత్తుకుని పెంచాను. ఇప్పుడు వాడి ఫొటో చూస్తే ఎవరో పరాయివాడి మొహంలా ఉంది. ఈ వయసులో నాకా గతి పట్టింది.

మీ ప్రారంభోత్సవానికి నేను రాను. మీ డైరెక్టరుకి నేను మళ్లీ ఉత్తరం రాయను, వంటాయన చేతా రాయించను. మీ అమ్మకీ చెప్పను. నీకింకా ఆరు రోజులున్నాయి, పుస్తకం నీది, ఏం రాసుకుంటావో నీ ఇష్టం.

లేచి వస్తుంటే వదిన గుమ్మం దాకా వచ్చింది. నీ పుస్తకం సంగతి ఆవిడకి తెలుసు. "ఆ అమ్మాయి అందులో ఏం రాసింది?" అని అడిగింది. పరధ్యానం అని రాసిందన్నాను. "పాపం, తనకీ తెలియదు కదా. ఇదంతా తెలియకముందే రాసుంటుంది. అంతే కదా?" అంది.

చెప్పులేసుకుని వచ్చేశాను. దానికి జవాబు నువ్వే చెప్పాలి. ఆవిడ ఆదివారం ఇంట్లోనే ఉంటుంది.

పెదనాన్న